శనివారం మీగడ పండ్లు

పామర్రు
2025 మే 2, శుక్రవారం

డయానాకు,

ఇక్కడ నేనూ నా చెవుడూ క్షేమం. అక్కడ మీ తండ్రీ కూతుళ్ళను గుణదల తల్లి కనిపెట్టుకుని ఉందనుకుంటున్నాను.

రేపు పొద్దున బసవపున్నయ్య పాలబండిలో మీగడ పండ్ల డబ్బా వస్తుంది. ఈసారి చిన్నరసాలు పుల్లగా ఉన్నాయి, బంగినపల్లి వేశాను. చక్రకేళి అరటి, సపోటా మామూలే. గిన్నె కింద ఐసు పెట్టి మీగడ చిలికాను, వెన్న పడకముందే ఆపాను. అందగానే ఫ్రిజ్‌లో పెట్టమని మీ నాన్నతో చెప్పు. పోయినసారి తిరిగొచ్చిన ఖాళీ డబ్బా మూతకు చీమలు పట్టి ఉన్నాయి. ఆస్పత్రిలో రోగులందరికీ ఏం తినాలో, ఎలా తినాలో చెప్పే ఉద్యోగం నీది. ఇంట్లో డబ్బా కడిగే దిక్కు లేదా?

ఇంక అసలు సంగతి. మీ నాన్న అంతోని క్రిస్మస్‌కు వచ్చి వెళ్ళాడు, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. నెలకోసారి వచ్చి నా ఇంట్లో అన్నం తిని పోయేవాడు. ఫిబ్రవరిలో తిరునాళ్ళకు నేనే వస్తానంటే "మేం వేళాంగణ్ణి వెళ్తున్నాం అక్కా" అని చీటీ రాసి పంపాడు. గుణదలలో కాపురం ఉండి, గుణదల తిరునాళ్ళ రోజుల్లో వేళాంగణ్ణి వెళ్ళే మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఏం తప్పు చేశానో తెలియదు. పిలవని ఇంటికి వచ్చే అలవాటు నాకు లేదు. డబ్బాకు మాత్రం పిలుపు అక్కర్లేదు కదా, అది వస్తుంది.

బసవపున్నయ్య నిన్న నా చెవిలో నోరు పెట్టి అరిచాడు, వీధి వీధంతా విన్నది. "అంతోని గారి ముఖం ఉబ్బిందమ్మా. నిద్ర ముఖం కాదు, నీరు పట్టిన ముఖం" అన్నాడు. నువ్వు చూడలేదా?

ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అత్త,
తెరేసమ్మ


గుణదల
2025 మే 6

అత్తయ్యా,

డబ్బా అందింది. చీమల సంగతికి క్షమాపణ. ఎండకు ఈ ఊళ్ళో చీమలకు కూడా మతి చెడింది.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. నాన్నకు షుగర్ వచ్చింది, అంతే. రైల్వే పార్సిల్ ఆఫీసులో రోజంతా కూర్చునే పని కదా. ముఖం వాపు మందుల వల్ల. నీకు చెబితే బెంగపెట్టుకుంటావని చెప్పలేదు.

కాబట్టి అడుగుతున్నాను, డబ్బా కొన్నాళ్ళు ఆపు. కోపం తెచ్చుకోకు, లెక్క చెబుతాను. గేదె పాల మీగడలో పావు వంతుకు తక్కువ లేకుండా కొవ్వే. దాని మీద నువ్వు వేసే చక్కెర, మామిడిపండులో ఉన్న చక్కెర. ఒక కప్పు తింటే భోజనం చేసినట్టే, కాకపోతే భోజనంలో ఉండే పప్పూ కూరా ఉండవు. మాంసకృత్తులు నామమాత్రం. విటమిన్లున్నాయి, కాదనను. మామిడిలో ఉన్న విటమిన్ ఒంటికి పట్టడానికి మీగడ సాయం చేస్తుంది కూడా. చదువుకున్నదాన్ని కాబట్టి రెండువైపులా చెబుతున్నాను.

నా ఉద్యోగం గురించి ఎప్పుడూ అడగవు, నేనే చెబుతున్నా. పొద్దున్నుంచి మంచం మంచానికీ తిరిగి కాగితం మీద ఆహారం రాసిస్తాను. వాళ్ళు దాన్ని మడిచి దిండు కింద పెట్టి, క్యారియర్ విప్పి ఆవకాయ అన్నం తింటారు. నేను చూడనట్టు నడుస్తాను. చెన్నై వెళ్ళి పై చదువు చదువుదామని ఫారం నింపాను, పంపలేదు. ఈ ఇల్లు వదిలి వెళ్ళే రోజులు కావు ఇవి.

డబ్బా వద్దు, ఉత్తరం మాత్రం పంపు.

డయానా


పామర్రు
2025 మే 9

డయానా,

మీగడకు లెక్కలు కట్టావు. బాగుంది. మరి ఆ మీగడ పండ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ లెక్క తెలుసా నీకు?

నేను పంతొమ్మిదో ఏట కాన్వెంటులో సిస్టర్ అవుదామని చేరాను. వంటింట్లో ఇటలీ నుంచి వచ్చిన ముసలి సిస్టర్ ఉండేది. వాళ్ళ ఊళ్ళో ఆదివారం భోజనమయ్యాక ఏ పండ్లుంటే ఆ పండ్లు చిన్న ముక్కలు తరిగి, నిమ్మరసం పిండి, చక్కెర చల్లి, పైన చిలికిన మీగడ వేసుకుంటారట. మా పల్లెల్లో దీనికి మాసెడోనియా అంటారు అని చెప్పింది. అక్కడి పీచ్ పండ్లు, చెర్రీలు ఇక్కడెక్కడివి? సపోటా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది ఆమె. ఆవు పాల మీగడకు బదులు మన గేదె మీగడ చూసి "ఇది నిలబడుతుంది, మాది జారిపోతుంది" అంది. నిమ్మరసం దేనికో తెలుసా? అరటి ముక్క నల్లబడకుండా. ఇది నీ పుస్తకంలో ఉందో లేదో.

మా అమ్మ పోయినప్పుడు అంతోనికి పదేళ్ళు. మా నాన్న కాన్వెంటు గేటు దగ్గరకొచ్చి నిలబడితే నేను పెట్టె సర్దుకుని వచ్చేశాను. వాడు అన్నం ముట్టకుండా మొండికేస్తే ఇది చేసి పెట్టాను. అప్పటి నుంచి వాడి పండు అది. ఇప్పుడు ఆపమంటే ఎలా ఆపుతాను?

చక్కెర తీసేశాను. నువ్వన్నది విన్నాను కదా. ఒక్క పలుకు వేయలేదు. తీపికి ఖర్జూరం నూరి కలిపాను, కిస్‌మిస్ వేశాను, చక్రకేళి రెండింతలు చేశాను. అంతా దేవుడిచ్చిన తీపి. మామిడి తగ్గించాను. ఇప్పుడు అభ్యంతరం ఉండకూడదు.

తెరేసమ్మ


గుణదల
2025 మే 13

అత్తయ్యా,

నువ్వు చెప్పిన పేరు వెతికి చదివాను. మాసెడోనియా అనేది ఒకప్పుడు రకరకాల జనం కలిసి ఉన్న దేశమనీ, అందుకే కలగలుపు పండ్లకు ఆ పేరొచ్చిందనీ అంటారు. నిజమో, ఎవరో తర్వాత కట్టిన కథో తెలియదు. నీ సిస్టర్‌ను అడిగితే నవ్వేదేమో.

అత్తయ్యా, ఖర్జూరం వద్దు. కిస్‌మిస్ కూడా వద్దు. ఎందుకని అడగకు, నాన్న ఒంటికి పడవు. శనివారం నా డ్యూటీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. డబ్బా పక్కింటి స్టీఫెన్ గారి పిల్లలకు ఇచ్చేశానని నాన్న చెప్పాడు. ఊరికే శ్రమ పడకు.

చేతి కట్టు గురించి బసవపున్నయ్య అప్పుడే చెప్పే ఉంటాడు. ఆయన పాలు మోస్తున్నాడా, కబుర్లు మోస్తున్నాడా? నాన్న స్కూటర్ మీద నుంచి పడ్డాడు. ముంజేతికి దెబ్బ. పెద్దదేం కాదు. రమ్మని మాత్రం అనలేను ఇప్పుడు, ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం.

ఈ మధ్య నాకెందుకో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే దిగాల్సిన స్టాపు దాటి బెంజి సర్కిల్ దాకా పోయి వెనక్కొస్తున్నాను.

డయానా


పామర్రు
2025 మే 16

డయానా,

సున్నాలు వేయిస్తున్నారు. సరే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షుగర్ ఉన్నవాడికి చక్కెర వద్దు, ఒప్పుకున్నాను. ఖర్జూరం వద్దు, కారణం అడగొద్దు. నా చేతి వంట పక్కింటి పిల్లల పాలు. వాడు పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే తోబుట్టువు రాకూడదు. ఇదంతా కలిపి చూస్తే నాకొక్కటే అర్థమవుతోంది. వాడికి నా మీద కోపం ఉంది, నువ్వు దాన్ని వైద్యం మాటల్లో చుట్టి పంపుతున్నావు.

ఎముక అతకాలంటే బలం కావాలి. అందుకని ఈసారి కోవా చిదిమి వేశాను, నువ్వులు వేయించి పొడి చేశాను, అంజీర్ నానబెట్టి తరిగాను. చక్రకేళి ఎటూ ఉంది. దాహానికి నాలుగు కొబ్బరి బొండాలు కూడా బండిలో వేయించాను. ఎండల్లో అవి రక్తాన్ని చల్లబరుస్తాయి.

డబ్బాలో అంతోనికి వేరే చీటీ పెట్టాను. నువ్వు చదవక్కర్లేదు.

తెరేసమ్మ


విజయవాడ, ఆస్పత్రి
2025 మే 21

అత్తయ్యా,

నాన్న ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం ఉంది. ఈ మాట ముందు రాస్తున్నాను, మిగతాది నువ్వు కూర్చుని చదువు.

నాన్నకు షుగర్ లేదు. స్కూటర్ మీద నుంచి పడలేదు. ఇంటికి సున్నాలు లేవు. రెండు కిడ్నీలూ పోయాయి. జనవరి నుంచి సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్ చేయిస్తున్నాం. చేతి కట్టు దాని కోసం చేసిన ఆపరేషన్‌ది.

కిడ్నీలు పనిచేయని మనిషికి పండే విషం. అరటి, ఖర్జూరం, కిస్‌మిస్, అంజీర్, కొబ్బరినీళ్ళు, వీటిలో పొటాషియం ఎక్కువ. మనకది మంచిది, మిగిలింది మూత్రంలో పోతుంది. నాన్నకు పోదు, రక్తంలోనే నిలిచి గుండెను పట్టుకుంటుంది. నూరు గ్రాముల అరటిపండులో మూడువందల మిల్లీగ్రాముల పైచిలుకు, ఖర్జూరంలో దానికి రెట్టింపు. శుక్రవారం డయాలిసిస్ అయితే మళ్ళీ సోమవారం దాకా లేదు. నీ డబ్బా వచ్చేది శనివారం. చక్కెర తీసేసి ఆ చోట నువ్వు వేసినవన్నీ చక్కెర కంటే వందరెట్లు చెడ్డవి. షుగర్ అని నేను అబద్ధం చెప్పాను కాబట్టి వేశావు. దెబ్బ అన్నాను కాబట్టి కోవా, నువ్వులు వేశావు. నా ప్రతి అబద్ధానికీ డబ్బాలో ఒక వస్తువు పెరిగింది.

సోమవారం పొద్దున నాన్న మంచం మీద నుంచి లేవలేకపోయాడు. కాళ్ళు రావడం లేదమ్మా అన్నాడు. నాడి పట్టుకుంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నేను ఊపిరి పీల్చి వదిలేంత ఖాళీ.

స్టీఫెన్ గారి పిల్లలకు ఒక్కసారీ ఇవ్వలేదట. నేను వచ్చేలోపు తినేసి, డబ్బా కడిగి బోర్లించేవాడు. ఏం తినకూడదో నాన్నకు నాకంటే బాగా తెలుసు. ఎందుకు తిన్నాడో అర్థం కాలేదు. అంబులెన్సులో చొక్కా విప్పుతుంటే జేబులో నీ చీటీ దొరికింది. "తమ్ముడూ, చక్కెర లేదు. మొత్తం తిను. మిగిల్చావంటే నా మీద కోపం ఇంకా పోలేదనుకుంటాను." మొత్తం తిన్నాడు అత్తయ్యా. అంజీర్ ముక్క కూడా మిగల్చలేదు.

నీకెందుకు దాచామో కూడా చెబుతాను. నాన్న రక్తం ఓ గ్రూపు. నాది బి. నా కిడ్నీ ఇద్దామని చెప్పకుండా వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను, పనికిరాను. ఓ వాళ్ళకు ఓ వాళ్ళదే కుదురుతుంది. నీది ఓ అని నాన్నకు తెలుసు. "చెబితే అక్క ఆ రోజే బస్సెక్కి వచ్చి కిడ్నీ తీసుకోమంటుంది. నా కోసం కాన్వెంటు వదిలింది, చాలు. ఇంకేం తీసుకోను" అని గుణదల కొండ మీద నా చేత ఒట్టు వేయించాడు. ఒట్టు తప్పాను. వెంటనే రా.

డయానా


పామర్రు
2025 మే 24

డయానా,

అంతోనిని వార్డులోకి మార్చారని బసవపున్నయ్య చెప్పాడు. దేవుడికి స్తోత్రం.

నేను రాలేదు. గురువారం ఇక్కడి బస్టాండు దాకా వెళ్ళాను. విజయవాడ బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాను. నా చేత్తో పెట్టిన తిండి వాణ్ణి చావు దాకా తీసుకుపోయిందని తెలిశాక కాళ్ళు రాకపోవడం ఒకటి. రెండోది రాస్తాను, విను.

నాకు భయం వేసింది. కత్తి అంటే భయం. నాకిప్పుడు అరవై ఒకటి. ఒక కిడ్నీ తీశాక మంచాన పడితే నాకు నీళ్ళిచ్చే మనిషి లేదు. మీ ఇద్దరూ కూర్చుని, తెరేసమ్మకు చెబితే పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తుంది అనుకున్నారు. అడగకుండానే ఇచ్చేదాన్ని చేశారు, ఇవ్వకుండానే వద్దన్నారు. ఇస్తానో ఇవ్వనో నాకే తెలియదు. ఆ ఆలోచించుకునే పని నాది కాదా?

మా నాన్న కాన్వెంటు గేటు దగ్గర నిలబడ్డాడని రాశాను కదా. ఆయన నోరు విప్పి వస్తావా అని అడగలేదు. తల వంచుకు నిలబడ్డాడు. మదర్ అడగలేదు, నా పెట్టె తెప్పించింది. అందరూ నేను వస్తాననే అనుకున్నారు. వచ్చాను. తమ్ముడి కోసం వదిలేసింది అని ఊరంతా మెచ్చుకున్నారు. అడిగి ఉంటే ఏమనేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. వస్తాననే అనేదాన్నేమో. కానీ ఆ మాట నేను అని ఉండేదాన్ని.

ఇంత రాశాక వాడి మీద ప్రేమ లేదనుకోకు.

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. దాచడం ఇంక చాలు.

తెరేసమ్మ


గుణదల
2025 మే 29

అత్తయ్యా,

నాన్నను మంగళవారం ఇంటికి తెచ్చాను.

నీ ఉత్తరం చదివి వినిపించే ధైర్యం రాలేదు, చేతికిచ్చాను. చదివి మడిచి కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. నిన్న డయాలిసిస్ నుంచి ఆటోలో వస్తుంటే, ఏలూరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అన్నాడు.

"అక్కకు భయమని నాకెప్పుడూ తట్టలేదు డయానా."

"నాక్కూడా" అన్నాను.

"నేను అడిగితే అక్క కాదనలేకపోయేది. అందుకే అడగలేదు."

"అడక్కపోవడం కూడా ఆవిడ నోరు మూయడమే కదా నాన్నా."

"నువ్వు అత్త పార్టీలోకి ఎప్పుడు మారావు?" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు. ఆటో డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు.

పోయిన ఉత్తరంలో నిన్ను వెంటనే రా అని ఉత్తర్వు వేశాను. ఆ రాత్రంతా నువ్వు రాలేదని తిట్టుకున్నాను కూడా. నాన్న అనుకున్నదే నేనూ అనుకున్నాను, నువ్వు వచ్చేస్తావని. ఇరవై నాలుగేళ్ళు నీ డబ్బాలు తిన్నాను, అవి పంపే మనిషికి వద్దనే వీలు ఉంటుందని అనుకోలేదు.

కింద నాన్న స్వయంగా రాస్తున్నాడు. డయాలిసిస్ సూదులు గుచ్చేది కుడి చేతికి కాబట్టి ఎడమ చేత్తో రాస్తున్నాడు, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, వేళ్ళలో ఇంకా బలం రాలేదు.

డయానా

అక్కా,
నాకు నీ కిడ్నీ కావాలి. ఇస్తావా?
అంతోని

(అత్తయ్యా, దీని కింద "ఇవ్వకపోయినా ఏం పర్వాలేదు" అని సగం రాసి కొట్టేశాడు. ఎందుకని అడిగితే "అది అబద్ధం" అన్నాడు. డ.)


పామర్రు
2025 జూన్ 1, ఆదివారం

డయానాకు, అంతోనికి,

చర్చిలో పూజ నుంచి వచ్చాక ఉత్తరం మళ్ళీ తీశాను. ఆ రెండు వాక్యాలూ వాడి పదో ఏట అక్షరాల్లా ఉన్నాయి. చదివాక లేచి మార్కెట్‌కు వెళ్ళాను. చిన్నరసాలు వచ్చాయి, ఇప్పుడు తీపెక్కాయి. ఇంటికొచ్చి మీగడ చిలికాను. చక్కెర పాత కొలతే వేశాను. పళ్ళెంలో మొత్తం వేసుకుని నేనొక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను కానీ గిన్నె అడుగున అంటింది నాకడమే తప్ప, నా కోసమని వడ్డించుకున్నది లేదు. చాలా బాగుంటుంది. మీరు నాకెందుకు చెప్పలేదు?

తిన్నాక జవాబు ఆలోచించాను.

పరీక్షలు చేయించుకుంటాను. నా బీపీ చూస్తారో, గుండె చూస్తారో, వాళ్ళిష్టం. అది ఇస్తానన్న మాట కాదు. డాక్టరుతో నేనొక్కదాన్నే మాట్లాడతాను, నువ్వు పక్కన ఉండొద్దు. అన్నీ రాసి చూపించమని ముందే చెప్పు. పరీక్షల్లో నేను పనికిరానని తేలితే అది దేవుడి పని. పనికొస్తానని తేలాక కూడా నేను వద్దనవచ్చు. అది నా పని.

అలా వద్దంటే ఆ తర్వాత అంతోని నాతో మామూలుగా మాట్లాడగలడా? ముఖం తిప్పుకోకుండా, జాలి నటించకుండా, ఎప్పుడూ పోట్లాడినట్టు పోట్లాడగలడా? వాణ్ణి అడుగు. మంచి మాట చెప్పమనకు, నిజం చెప్పమను. అది తెలిశాకే బస్సెక్కుతాను.

డబ్బా ఇంక పంపను. వాడేం తినొచ్చో, ఎంత తినొచ్చో నువ్వు చూసుకో.

తెరేసమ్మ


గుణదల
2025 జూన్ 4

అత్తయ్యా,

అడిగాను. నీ ఉత్తరంలో ఉన్న మాటలే, ఒక్కటి కూడా మార్చకుండా అడిగాను.

నాన్న కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడేమోనని లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఆపిల్ చెక్కు తీసి, చిన్న ముక్కలు తరిగి, పైన ఒక చెంచాడు మీగడ వేశాను. ఆయనకు రోజుకు ఇంతే కుదురుతుంది. తెచ్చి పక్కన పెడితే ఇటు తిరిగాడు.

"మాట్లాడలేనేమో" అన్నాడు.

రెండు ముక్కలు తిన్నాడు.

"అదే రాయి. మార్చకు. రాసి, రమ్మను" అన్నాడు.

రాశాను. శనివారం నాకు సెలవు. పొద్దున్నుంచి బస్టాండులో ఉంటాను.

డయానా